కొలిచి ఇచ్చే ఆలస్యం

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి ఒక చిత్రమైన ఇబ్బంది ఉంది. వాళ్ల నెట్ మరీ బాగుంటుంది. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఫైబర్ లైను ఉన్న ఆఫీసులో కూర్చుని, పక్క గదిలో సర్వర్ పెట్టుకుని యాప్ తయారుచేస్తే అది వేలు తగలగానే తెరుచుకుంటుంది. అదే యాప్‌ని విశాఖ నుంచి అరకు వెళ్లే రైల్లో, రెండు సొరంగాల మధ్య దొరికిన కాస్త సిగ్నల్‌తో ఎవరైనా తెరిస్తే తెల్లటి తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ మనిషి విసిగి డబ్బు కట్టే బటన్ రెండోసారి నొక్కుతాడు. డబ్బు రెండుసార్లు పోతుంది. ఆ తప్పు ప్రోగ్రామ్‌లో మొదటి రోజు నుంచీ ఉన్నదే. జవాబు రెప్పపాటులో వచ్చే చోట రెండోసారి నొక్కడానికి వ్యవధి దొరకదు కాబట్టి అది ఎవరి కంటా పడలేదు.

అందుకే పరీక్షించేవాళ్లకి ఆలస్యం ఒక సరుకు. అది బయట ఉచితంగా దొరుకుతుంది కానీ నిలకడగా దొరకదు. నిన్న సొరంగం దగ్గర పట్టుకున్న తప్పుని ఇవాళ మళ్లీ చూద్దామంటే నిన్నటి సిగ్నల్ ఇవాళ ఉండదు. కావలసింది బల్ల దగ్గరే, అడిగినంత, అడిగిన తీరులో వచ్చే ఆలస్యం. దాన్ని అందించే పనిముట్లు చాలానే వచ్చాయి. వాటిలో లినక్స్ కెర్నల్‌లో ఒదిగి ఉన్న నెటెమ్ అనే చిన్న భాగం నా దృష్టిలో అన్నిటికంటే చక్కటి పనితనం. మొత్తం ఒకే ఫైలు, వెయ్యి పైచిలుకు పంక్తుల సీ భాష. పరీక్షల కోసం కృత్రిమంగా నెట్ నెమ్మది చేసే వ్యవస్థల్లో చాలావాటికి అడుగున పనిచేసేది ఇదే.

లోపలికి వెళ్లేముందు ఒక చిక్కు విప్పుకోవాలి. "నెట్ స్లోగా ఉంది" అని మనం ఒక్కమాటలో అనేస్తాం. అందులో కనీసం మూడు నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి. సెకనుకి ఎన్ని బిట్లు పడతాయన్నది బ్యాండ్‌విడ్త్. ఒక్క బిట్ అవతలి ఒడ్డుకి చేరడానికి ఎంతసేపన్నది లేటెన్సీ. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బస్సులో సీట్లు పెంచితే ఎక్కువమంది వెళ్తారు, విజయవాడ మాత్రం దగ్గరికి జరగదు. నెట్‌లో డేటా ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా ప్రయాణిస్తుంది. ఆ ప్రయాణ కాలం ప్యాకెట్‌ ప్యాకెట్‌కీ మారుతుంటే అది జిట్టర్. దారిలో కొన్ని ప్యాకెట్లు మాయమైతే అది లాస్.

లేటెన్సీకి ఒక భౌతికమైన కనీస పరిమితి ఉంది. గాజు తీగలో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరం దాదాపు 13 వేల కిలోమీటర్లు. తీగ గీత గీసినట్టు తిన్నగా ఉన్నా వెళ్లడానికి 65 మిల్లీసెకన్లు, వచ్చి చేరేసరికి 130. నిజం తీగ అంత తిన్నగా ఉండదు, మధ్యలో రౌటర్లూ ఉంటాయి కాబట్టి అసలు లెక్క ఇంకా పెరుగుతుంది. ఇక వెబ్ పేజీ తెరవడమంటే ఒక్క రాకపోక కాదు. పేరు పట్టుకుని చిరునామా కనుక్కోవడానికి ఒకటి, రెండు యంత్రాల మధ్య కనెక్షన్ కుదుర్చుకునే టీసీపీ కరచాలనానికి ఒకటి, పాత టీఎల్ఎస్ 1.2 అయితే రహస్య భాష కుదుర్చుకోవడానికి రెండు, అసలు పేజీ అడగడానికి ఇంకొకటి. మొత్తం ఐదు. రాకపోకకి 300 మిల్లీసెకన్లు పట్టే లైను మీద మొదటి అక్షరం కనబడేలోపే ఒకటిన్నర సెకను గడిచిపోతుంది. ఈ లెక్కలో బ్యాండ్‌విడ్త్ ప్రస్తావనే లేదని గమనించండి. డబ్బు పోసి వేగం రెట్టింపు చేసుకున్నా ఈ ఒకటిన్నర సెకను అలాగే ఉంటుంది.

కాబట్టి నెమ్మదిని తయారుచేసే పనిముట్టు ఈ గుణాలన్నిటినీ విడివిడిగా, ఒకదానితో ఒకటి కలవకుండా తిప్పుకునే వీలివ్వాలి. ఈ దారిలో మొదటి పెద్ద అడుగు ఇటలీలో పడింది. పీసా విశ్వవిద్యాలయానికి చెందిన లుయీజి రిజ్జో 1997లో డమ్మీనెట్ గురించి పత్రం ప్రచురించాడు. అప్పటిదాకా నెట్‌వర్క్ పద్ధతులని పరీక్షించాలంటే ఎక్కువగా రెండు దారులు. కంప్యూటర్‌లో నెట్‌వర్క్ మొత్తాన్నీ బొమ్మకట్టి నడిపించడం మొదటిది. అందులో అసలు ప్రోగ్రామ్ నడవదు, దాని నమూనా నడుస్తుంది. నిజంగా యంత్రాలు, తీగలు తెచ్చి ప్రయోగశాల కట్టడం రెండోది. దానికి ఖర్చెక్కువ. రిజ్జో మధ్యదారి చూశాడు. ఒకే యంత్రంలో, ప్రోటోకాల్ పొరల మధ్య, వెళ్లే ప్యాకెట్లని ఒకచోట ఆపి, లెక్క ప్రకారం వదిలాడు. పైనున్న అసలు ప్రోగ్రామ్‌కి ఏమీ తెలియదు. అందులో ఒక్క పంక్తి మార్చనక్కర్లేదు. ఫ్రీబీఎస్‌డీలో డమ్మీనెట్ అలా స్థిరపడింది. లినక్స్ కోసం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో మార్క్ కార్సన్, డారిన్ సాంటే నిస్ట్‌నెట్ తయారుచేశారు.

నెటెమ్ రాసిన స్టీఫెన్ హెమింగర్ ఈ రెండిటి రుణాన్నీ ఫైలు మొదట్లోనే వ్యాఖ్యగా రాసుకున్నాడు. టీసీపీని పరీక్షించడానికి బయటికి వెళ్లే ప్యాకెట్లని కాస్త ఆపే చిన్న ఉపాయంగా మొదలైందనీ, పెరిగి పెరిగి నిస్ట్‌నెట్ చేసే పనుల్లో ఎక్కువభాగం చేసే స్థాయికి వచ్చిందనీ అందులోనే ఉంటుంది. 2005 ఏప్రిల్‌లో కాన్‌బెర్రాలో జరిగిన లినక్స్ సదస్సులో అతను దీన్ని పరిచయం చేశాడు.

నెటెమ్ ఎక్కడ కూర్చుంటుందో చూస్తే సగం అర్థమవుతుంది. లినక్స్‌లో ఏ ప్యాకెట్ అయినా నెట్‌వర్క్ కార్డుకి చేరేముందు ఒక వరస దాటాలి. ఆ వరసని నడిపే నియమావళిని క్యూడిస్క్ అంటారు. మామూలుగా అది ముందొచ్చినదాన్ని ముందు పంపడం, ఎవరి వాటా వారికి ఇవ్వడం లాంటి పనులు చేస్తుంది. కెర్నల్‌లో ఈ నియమావళిని మార్చుకునే సాకెట్ ముందే ఉంది. హెమింగర్ కొత్త ద్వారం కొట్టలేదు. ఆ సాకెట్‌లోనే ఇమిడే ఒక నియమావళి రాశాడు. వరస వేగంగా నడపడానికి పెట్టిన చోటుని వరసని ఆపడానికి వాడుకున్నాడు.

దీన్ని పెట్టడానికి టీసీ అనే లినక్స్ పనిముట్టుకిచ్చే ఆదేశం కూడా పొట్టిదే. "టీసీ క్యూడిస్క్ యాడ్ డెవ్ ఈత్0 రూట్ నెటెమ్ డిలే 100ఎంఎస్ 10ఎంఎస్." ఈత్0 అనే కార్డు ముందున్న వరసకి నెటెమ్‌ని అధిపతిగా పెట్టు, ప్రతి ప్యాకెట్‌నీ 100 మిల్లీసెకన్లు ఆపు, అటూ ఇటూ 10 తేడా రానివ్వు అని దాని భావం.

ఇప్పుడు ఒక ప్యాకెట్ వెంట నడుద్దాం. అది వరసలోకి అడుగుపెట్టగానే నెటెమ్ వరసగా కొన్ని నిర్ణయాలు తీసుకుంటుంది. దీనికి జంట పుట్టించాలా? దీన్ని పారేయాలా? పాడుచేయాలా? ఇవన్నీ దాటి బతికిన ప్యాకెట్‌కి ఆలస్యం ఎంతో లెక్కకట్టి, ఇప్పటి సమయానికి కలిపి, ఆ మొత్తాన్ని ప్యాకెట్ మీదే రాసేస్తుంది. కెర్నల్‌లో ప్రతి ప్యాకెట్‌తో పాటు, ఏ పొర చేతిలో ఉంటే ఆ పొర తన లెక్కలు రాసుకోవడానికి 48 బైట్ల చిత్తుకాగితం లాంటి జాగా ఒకటి తిరుగుతూ ఉంటుంది. విడుదల సమయం అందులోకి ఎక్కుతుంది.

ఆ తర్వాత నెటెమ్ ఆ ప్యాకెట్ గురించి మర్చిపోతుంది. నాకు ఈ యంత్రంలో గుండెకాయ అనిపించేది ఇక్కడే. కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్లని ఆలస్యం చేయించమంటే చాలామంది "100 మిల్లీసెకన్లు నిద్రపో" అని రాస్తారు. నిద్రపోతే వెనకున్న ప్యాకెట్ కూడా ఆగుతుంది. దాని ఆలస్యం 200 అవుతుంది, దాని వెనకదానికి 300. అది దూరం కాదు, ట్రాఫిక్ జామ్. నిజమైన తీగలో ఒకే క్షణంలో వందల ప్యాకెట్లు ఒకదాని వెనక ఒకటి ప్రయాణంలో ఉంటాయి. ప్రతిదానికీ 100 మిల్లీసెకన్లే పడుతుంది. నెటెమ్‌లో ఏదీ నిద్రపోదు. ప్యాకెట్లన్నీ తమ తమ విడుదల సమయాల వరసలో పేర్చి ఉంటాయి. కెర్నల్ అన్నిటికంటే ముందున్న సమయం ఒక్కదానికే గడియారం పెట్టుకుంటుంది. వరసలో వెయ్యి ప్యాకెట్లున్నా గడియారం ఒక్కటే. అది మోగితే పై ప్యాకెట్‌ని వదిలి, తర్వాతదాని సమయానికి మళ్లీ కీ ఇస్తుంది.

ఆ పేర్చడంలోనూ ఆలోచన ఉంది. జిట్టర్ ఉన్నప్పుడు వెనకొచ్చిన ప్యాకెట్‌కి ముందు విడుదల సమయం పడొచ్చు. అప్పుడు దాన్ని మధ్యలో దూర్చాలి. మామూలు జాబితాలో సరైన చోటు వెతకడానికి ఒక్కొక్కటే దాటుకుంటూ పోవాలి. 2013లో దీన్ని రెడ్-బ్లాక్ ట్రీ అనే సమతుల్య వృక్షంగా మార్చారు. వేల ప్యాకెట్లున్నా పది పన్నెండు పోలికల్లో చోటు దొరుకుతుంది. 2018లో మరో మెరుగు. చాలా సందర్భాల్లో కొత్త ప్యాకెట్ సమయం అందరికంటే చివరిదే అవుతుంది, దానికి చెట్టెక్కే అవసరమే లేదు. అలాంటివాటిని సాదా జాబితా తోకకి తగిలించి, వరస తప్పినవాటిని మాత్రమే చెట్టులోకి పంపారు. నెమ్మదిగా పనిచేయడం కోసం ఉన్న యంత్రం తన సొంత పని ఇంత వేగంగా చేసుకోవాలి. అది అడగని ఆలస్యం ఒక్క మైక్రోసెకను కలిపినా కొలత తప్పుతుంది.

ఇక జిట్టర్. 100కి అటూ ఇటూ 10 అంటే 90 నుంచి 110 దాకా అన్నీ సమానంగా వస్తాయి. నిజమైన నెట్‌వర్క్ అలా ఉండదు. ఎక్కువ ప్యాకెట్లు మధ్యలో గుమికూడతాయి, కొన్ని బాగా వెనకబడతాయి. అలాంటి వంపు గీతలు తేవాలంటే గణితంలో ఘాతాలు, సంవర్గమానాలు కావాలి. వాటికి దశాంశ సంఖ్యలు కావాలి. కెర్నల్‌లో దశాంశ గణితం దాదాపు నిషేధం, పూర్ణాంకాలతోనే పని జరగాలి. నెటెమ్ ఇక్కడ నిస్ట్‌నెట్ నుంచి తెచ్చుకున్న ఉపాయం వాడుతుంది. వంపు గీతని ముందే బయట లెక్కకట్టి 4096 సంఖ్యల పట్టికగా ఫైల్లో పెడతారు. ప్రతి సంఖ్యనీ 8192తో హెచ్చవేసి పూర్ణాంకం చేస్తారు. ప్యాకెట్ వచ్చినప్పుడు పట్టికలో యాదృచ్ఛికంగా ఒక గడి తీయడం, మనమిచ్చిన తేడాతో గుణించడం, 8192తో భాగించడం, సగటుకి కలపడం. అంతే. గడిలో 8192 ఉంటే సరిగ్గా ఒక తేడా ఎక్కువ, అంటే 110 మిల్లీసెకన్లు. మైనస్ 4096 ఉంటే సగం తేడా తక్కువ, 95. పట్టిక మారిస్తే వంపు మారుతుంది. నార్మల్, పారెటో రకాల పట్టికలు దాంతోనే వస్తాయి. మనం నిజమైన లైను మీద పింగ్, అంటే ఒక చిన్న ప్రశ్న వెళ్లి జవాబు వచ్చే కాలం, కొలిచి, ఆ కొలతల నుంచి సొంత పట్టిక అల్లి ఎక్కించుకోవచ్చు కూడా. గణితమంతా ఇంటి దగ్గర పూర్తిచేసుకుని వచ్చి, కెర్నల్‌లో గుణకారం, భాగహారం మాత్రమే చేయడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

లాస్ విషయంలో మాత్రం తొలి ప్రయత్నం అంత బాగా కుదరలేదు. వందలో ఒక ప్యాకెట్ పారేయడం తేలికే. కానీ నిజం నెట్‌వర్క్‌లో నష్టాలు విడివిడిగా రావు, గుంపుగా వస్తాయి. రైలు సొరంగంలో దూరినప్పుడు వరసగా అన్నీ పోతాయి. ఫోన్ మాటల్లో అక్కడక్కడా ఒక్కో ప్యాకెట్ పోతే చెవికి తెలియదు, వరసగా ఇరవై పోతే మాటే పోతుంది. అందుకని నెటెమ్‌లో మొదట ఒక సంబంధ శాతం పెట్టారు. 25 శాతం అంటే కొత్త యాదృచ్ఛిక సంఖ్యలో ముప్పావు, పాతదానిలో పావు కలిపి నిర్ణయం తీసుకోవడం. చూడ్డానికి బాగుంది, లెక్కలో దోషముంది. రెండు యాదృచ్ఛిక సంఖ్యలని అలా కలిపితే ఫలితం మధ్యకి జరుగుతుంది, అంచులకి అరుదుగా పోతుంది. ప్యాకెట్ పోవాలంటే సంఖ్య అంచున ఉండాలి. దాంతో ఒక శాతం నష్టం అడిగితే అంతకంటే బాగా తక్కువ వస్తుంది. రోమ్‌లోని టోర్ వెర్గాటా విశ్వవిద్యాలయం నుంచి స్టెఫానో సల్సానో బృందం దీన్ని పట్టుకుని 2011లో వేరే పద్ధతి చేర్పించింది.

ఆ పద్ధతికి మూలం ఇంటర్నెట్ కంటే పాతది. బెల్ ల్యాబ్స్‌లో ఎడ్గార్ గిల్బర్ట్ 1960లో గుంపులుగా వచ్చే లైను చప్పుడుని వర్ణించడానికి రెండు స్థితుల నమూనా ఇచ్చాడు. 1963లో ఇలియట్ దాన్ని విస్తరించాడు. లైను ఎప్పుడూ మంచి స్థితిలోనో చెడ్డ స్థితిలోనో ఉంటుంది. ప్రతి ప్యాకెట్ దగ్గరా మంచి నుంచి చెడుకి జారడానికి ఒక అవకాశం, చెడు నుంచి తేరుకోవడానికి ఇంకొకటి. మొదటిది 1 శాతం, రెండోది 10 శాతం, చెడ్డ స్థితిలో వచ్చిన ప్రతి ప్యాకెట్ పోతుంది అనుకుంటే చెడ్డకాలం ఒకసారి వస్తే సగటున పది ప్యాకెట్లు నడుస్తుంది, మొత్తం మీద పదకొండింట ఒక ప్యాకెట్ పోతుంది. రెండే సంఖ్యలతో నష్టం ఎంతో, ఎంత గుంపుగానో రెండూ చేతికొచ్చాయి. 2023లో నెటెమ్‌కి సీడ్, అంటే యాదృచ్ఛిక సంఖ్యల వరసకి మొదలు, ఇచ్చే వీలు కూడా వచ్చింది. ఒకే సీడ్‌తో మళ్లీ నడిపితే అదే నష్టాల వరస మళ్లీ వస్తుంది. నిన్న దొరికిన తప్పుని ఇవాళ మళ్లీ పట్టుకోవడం ఇలా సాధ్యమైంది.

ప్యాకెట్‌ని పాడుచేసే భాగంలో చూడవలసిన ఒక జాగ్రత్త ఉంది. చేసే పని చాలా చిన్నది. ప్యాకెట్‌లో ఏదో ఒక బైట్, అందులో ఏదో ఒక బిట్ ఎంచి తిప్పేయడమే. కానీ దానికి ముందు నెటెమ్ ఒక పని చేస్తుంది. టీసీపీ ప్యాకెట్లలో చెక్‌సమ్ ఉంటుంది, అవతలివాడు దాంతో సరకు చెడిందో లేదో చూసుకుంటాడు. ఈ రోజుల్లో ఆ లెక్కని కెర్నల్ చేయకుండా నెట్‌వర్క్ కార్డుకి వదిలేస్తుంది. అంటే నెటెమ్ చేతికి వచ్చేసరికి చెక్‌సమ్ ఇంకా వేసి ఉండదు. ఇప్పుడు బిట్ తిప్పి పంపితే కార్డు ఆ చెడిన సరుకు మీదే చెక్‌సమ్ చక్కగా లెక్కకట్టి ముద్ర కొడుతుంది. అవతలివాడికి అంతా సవ్యంగా కనిపిస్తుంది. పాడైన డేటా మంచి డేటాగా లోపలికి పోతుంది. అందుకే నెటెమ్ ముందు చెక్‌సమ్‌ని తానే లెక్కకట్టి ముగించి, ఆ తర్వాతే బిట్ తిప్పుతుంది. పాడుచేయడంలో కూడా క్రమం తప్పకూడదని ఎవరో కూర్చుని ఆలోచించారు. జంట ప్యాకెట్ పుట్టించే చోటా అలాంటిదే ఇంకో శ్రద్ధ: కాపీకి మళ్లీ కాపీ పుట్టి వరస నిండిపోకుండా కాపలా ఉంటుంది.

బ్యాండ్‌విడ్త్ సంగతి చెబితే కొంచెం నవ్వొస్తుంది. ఫైలు మొదట్లోని వ్యాఖ్యలో హెమింగర్ ఇది వేగాన్ని నియంత్రించనక్కర్లేదు, ఆ పనికి వేరే క్యూడిస్క్‌లు ఉన్నాయి అని రాశాడు. వ్యాఖ్య అలాగే ఉంది. కింద 2011లో హాగెన్ పాల్ ఫైఫర్ అదే పనికి రేట్ అనే సదుపాయం చేర్చాడు. 400 కేబీపీఎస్ అని చెబితే 1500 బైట్ల ప్యాకెట్ ఒక్కటి తీగ మీదికి ఎక్కడానికి 30 మిల్లీసెకన్లు పడుతుందని లెక్కగట్టి, తర్వాతి ప్యాకెట్‌ని దాని వెనకే నిలబెడుతుంది. ఇక్కడ మాత్రం వెనకున్నది ఆగాల్సిందే, ఎందుకంటే ఇరుకు దారిలో నిజంగా జరిగేది అదే.

ఇంత మంచి పనిముట్టుని తప్పుగా వాడటం చాలా తేలిక. ఎక్కువమంది పడే గుంట వరస పొడవు. నెటెమ్ మామూలుగా 1000 ప్యాకెట్లే పట్టుకుంటుంది. సెకనుకి ఒక గిగాబిట్ పోయే లైను మీద 100 మిల్లీసెకన్ల ఆలస్యం పెడితే, ఆ వ్యవధిలో దారిలో ఉండాల్సిన డేటా 12.5 మెగాబైట్లు. 1500 బైట్ల లెక్కన 8 వేల పైచిలుకు ప్యాకెట్లు. వెయ్యి మాత్రమే పట్టే వరస మిగతావాటిని పారేస్తుంది. మనం ఆలస్యం అడిగాం, వచ్చింది నష్టం. టీసీపీ నష్టాన్ని చూసి వేగం తగ్గించుకుంటుంది. పరీక్ష రాసేవాడు "ఆలస్యం వల్ల మా ప్రోగ్రామ్ చతికిలబడింది" అని నివేదిక రాస్తాడు. ఆదేశం చివర లిమిట్ అనే మాటతో పెద్ద సంఖ్య ఇస్తే ఆ నివేదిక మారిపోతుంది.

రెండో సంగతి దిశ. క్యూడిస్క్ బయటికి వెళ్లే ప్యాకెట్లనే పట్టుకుంటుంది. ఈత్0 మీద 100 మిల్లీసెకన్లు పెడితే పింగ్ 100 పెరుగుతుంది, 200 కాదు, ఎందుకంటే జవాబు తిరిగొచ్చే దారి మీద మనం చేయి వేయలేదు. లోపలికొచ్చేవాటిని కూడా ఆపాలంటే ఐఎఫ్‌బీ అనే ఉత్తుత్తి కార్డు మీదుగా మళ్లించి అక్కడ ఇంకో నెటెమ్ పెట్టాలి. అదే యంత్రం తనతో తాను మాట్లాడుకునే లూప్‌బ్యాక్ మీద పెట్టి చూడండి. అదే 100కి పింగ్ 200 పెరుగుతుంది. అక్కడ ప్రశ్న, జవాబు రెండూ ఒకే ద్వారం గుండా బయటికే వెళ్తాయి. యంత్రం తప్పు చెప్పడం లేదు, మనం ఏ ద్వారం దగ్గర నిలబడ్డామో అది చెబుతోంది.

మూడోది ఇంకా సూక్ష్మం. వేగం కోసం లినక్స్ టీసీపీ డేటాని 64 కిలోబైట్ల దాకా పెద్ద మూటలుగా కట్టి కిందికి పంపుతుంది. వాటిని మామూలు ప్యాకెట్లుగా విడగొట్టే పని చివర్లో కార్డు చూసుకుంటుంది. నెటెమ్ కంటికి కనబడేది మూట. ఒకటి పారేస్తే అవతలి వైపు నలభైకి పైగా ప్యాకెట్లు ఒక్కసారి గల్లంతవుతాయి. అందుకే నష్టాన్ని జాగ్రత్తగా కొలిచేవాళ్లు ముందు ఆ మూట కట్టడం ఆపేస్తారు. డేటా పంపే యంత్రంలోనే కాకుండా, మధ్యలో వేరే యంత్రాన్ని రౌటర్‌లా పెట్టి దాని మీద నెటెమ్ నడపమని దీని వివరణ పత్రాలు చెబుతున్న సలహా కూడా ఇలాంటి అనుభవం నుంచి వచ్చిందే.

పోల్చి చూడటానికి బ్రౌజర్‌లో దొరికే పద్ధతి ఉంది. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో చాలాకాలం "స్లో 3జీ" పేరుతో ఉన్న అమరిక 400 కేబీపీఎస్, 2000 మిల్లీసెకన్ల లేటెన్సీ. రెండు సెకన్ల లేటెన్సీ చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. బ్రౌజర్ ప్యాకెట్లని ముట్టుకోదు, ఒక్కో అభ్యర్థన మొత్తానికి కలిపి ఆలస్యం వేస్తుంది. కరచాలనాల్లో జరిగే రాకపోకలు దానికి కనబడవు, కాబట్టి వాటికి పరిహారంగా ముందే సంఖ్యని పెంచి పెట్టారు. గూగుల్ వాళ్ల లైట్‌హౌస్ కూడా ఇదే తీరులో 150 మిల్లీసెకన్ల లైనుని అనుకరించడానికి 3.75 రెట్లు చేసి 562.5 అని ఇస్తుంది. తెర ఎలా కనబడుతుందో చూసుకోవడానికి అది చాలు. టీసీపీ ఎలా ప్రవర్తిస్తుందో చూడాలంటే చాలదు.

నెటెమ్‌కి కూడా పరిమితులున్నాయి. సెల్‌ఫోన్ లైను వేగం క్షణక్షణం మారుతుంది, సగటూ తేడా చెప్పి దాని తీరుని పట్టలేం. ఎంఐటీలో తయారై 2015లో వెలువడిన మహిమహి అందుకు వేరే దారి పట్టింది. నడుస్తున్న సెల్ నెట్‌వర్క్ మీద ముందే కొలిచి రాసుకున్న చిట్టా ఫైలు దాని ఆధారం. ఫైల్లో ఒక్కో పంక్తికి ఒక్క సంఖ్య. ఆ మిల్లీసెకను దగ్గర 1500 బైట్ల ప్యాకెట్ ఒకటి వెళ్లే అవకాశం ఉందని దాని అర్థం. ఒకే సంఖ్య మూడు పంక్తుల్లో ఉంటే ఆ క్షణంలో మూడు వెళ్లొచ్చు. తర్వాతి సంఖ్య వెయ్యి దూరంలో ఉంటే సెకనుపాటు ఏదీ కదలదు. సొరంగంలోకి రైలు దూరిన సంగతి ఆ ఫైల్లో సంఖ్యల మధ్య ఖాళీగా కనబడుతుంది. నమూనా అంటూ ఏదీ లేదు, జరిగినదాన్ని మళ్లీ ఆడించడమే.

ఈ పనిముట్లు ప్రయోగశాల దాటి ఆఫీసు అలవాటుగా మారిన సందర్భం ఒకటి బాగా తెలిసినదే. 2015 మార్చిలో ఫేస్‌బుక్ తన ఆగ్మెంటెడ్ ట్రాఫిక్ కంట్రోల్‌ని అందరికీ విడుదల చేసింది. వైఫై రౌటర్‌గా పెట్టిన లినక్స్ యంత్రం అది, లోపల నడిచేది టీసీ, నెటెమ్‌లే. ఫోన్‌లోని బ్రౌజర్ నుంచే కావలసిన నెట్‌వర్క్ ఎంచుకోవచ్చు. ఆ ఏడాది అక్టోబర్‌లో "2జీ మంగళవారం" మొదలుపెట్టింది. మంగళవారం యాప్ తెరిచిన ఉద్యోగిని ఒక గంట 2జీ వేగంతో వాడతారా అని అడిగేది. మన దేశం లాంటి చోట్ల ఫోన్ పట్టుకున్నవాళ్ల అనుభవం అక్కడి ఇంజనీర్ల చేతికి తగలాలన్నదే ఉద్దేశం.

మీరూ చేసి చూడాలనుకుంటే లినక్స్ నడిచే ఏ పాత లాప్‌టాప్ అయినా, వర్చువల్ మెషిన్ అయినా సరిపోతుంది. ముందు పింగ్ కొలవండి, ఆదేశం ఇవ్వండి, మళ్లీ కొలవండి. అడిగినంతే పెరిగిందని కళ్లారా చూశాకే మీ ప్రోగ్రామ్ మీద తీర్పు చెప్పండి. దూరాన ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయి ఉన్నప్పుడు మాత్రం దాని ముఖ్యమైన కార్డు మీద లాస్ 100 శాతం పెట్టకండి, మీ లాగిన్ కూడా ఆ దారినే నడుస్తోంది. తప్పదంటే, పది నిమిషాల తర్వాత దానంతటదే తొలగిపోయేలా ముందే ఏర్పాటు చేసుకోండి. తీసేసే ఆదేశం పెట్టే ఆదేశం కంటే చిన్నది: "టీసీ క్యూడిస్క్ డెల్ డెవ్ ఈత్0 రూట్." ఏ ఫైల్లోనూ రాసి పెట్టకపోతే ఈ అమరిక యంత్రం ఆపి మళ్లీ నడిపినప్పుడు కూడా పోతుంది.